పేనుకొరుకుడులో పేను ఎక్కడుంది?

తలమీద రూపాయి బిళ్లంత మేర జుట్టు ఊడి చర్మం నున్నగా కనిపిస్తే పేనుకొరుకుడు అంటాం. జబ్బు ఏమిటో, ఎవరు చేశారో ఆ ఒక్క మాటలోనే చెప్పేస్తాం. తీరా చూస్తే అక్కడ పేనూ ఉండదు, కొరుకుడూ ఉండదు. ఒంట్లోని రోగనిరోధక కణాలే వెంట్రుక కుదుళ్లను పరాయివి అనుకుని వాటిమీద పడతాయి. మచ్చ అంచున వెంట్రుకలు మొదట్లో సన్నగా, కొసన లావుగా, ఆశ్చర్యార్థకం గుర్తులా నిలబడి ఉంటాయి. భూతద్దం పెడితే ఇంట్లోనే కనిపిస్తుంది.

చర్మం తిప్పలకు మన వాడుకలో ఉన్న పేర్లు చాలావరకు ఇట్లాంటి తీర్పులే. ఎండాకాలం ఏ పొక్కు లేచినా "వేడి చేసింది". మచ్చలు మానకపోతే "రక్తం చెడింది". తొలకరి వానల తర్వాత పొద్దున లేచేసరికి మెడమీద వాత పెట్టినట్టు ఎర్రటి చార ఉంటే "రాత్రి సాలీడు పారింది". నిజానికి అది ట్యూబులైటు వెలుగుకు వచ్చిన ఎరుపు నలుపు చారల చిన్న పురుగు. నిద్రలో చెయ్యి తగిలి నలిగితే దాని ఒంట్లోని రసం చర్మాన్ని కాలుస్తుంది. మోచేయి మడతలో నలిగితే మడతకు రెండు పక్కలా ఒకే అచ్చు పడుతుంది. ఆ అచ్చును చూశాక సాలీడు మీద కేసు కొట్టేయవచ్చు.

ఈ పాత పేర్లను చూసి నవ్వే చదువుకున్నవాళ్లు కొత్త పేనును ఒకదాన్ని పట్టుకున్నారు. దాని పేరు టెన్షన్. జుట్టు ఊడితే టెన్షన్, దద్దుర్లు వస్తే టెన్షన్, దురదకు టెన్షన్. చర్మంలో పురుగులున్నాయని ఒక ముసలమ్మ అంటే "ఏదమ్మా, చూపించు" అంటాం. ఇదంతా టెన్షన్ వల్లేనని కొడుకు అంటే తల ఊపుతాం. నా అభ్యంతరం ఇక్కడే. రెండూ ఇంట్లో కూర్చుని తేల్చినవే, రెండూ పరీక్షకు నిలబడాల్సినవే.

పేనుకొరుకుడుతో ఇంకో పాఠం ఉంది. ఒకటి రెండు మచ్చలతో ఆగినవాళ్లలో చాలామందికి ఏడాదిలోపు జుట్టు దానంతటదే వస్తుంది. ఆ ఏడాదిలో ఎవరు ఏది చేసినా పేరు దానికే వస్తుంది. ఉల్లిపాయ రుద్దినవాళ్లకు ఉల్లిపాయకు, ఉద్యోగం మారి మనసు కుదుటపడినవాళ్లకు ఆ ప్రశాంతతకు. గురివింద గింజ నూరి పూసేవాళ్లూ ఉన్నారు. అది విషం. పుండు మీద పూయడం, పిల్లలకు అందేచోట పెట్టడం రెండూ ప్రమాదమే. జుట్టు విపరీతంగా రాలిన పెద్దవాళ్లకు బారిసిటినిబ్ అనే మాత్రను 2022లో అమెరికా ఆమోదించింది. అది రోగనిరోధక కణాల మధ్య సంకేతాలను ఆపే మందు, మనసుకు ఇచ్చేది కాదు. ఇక పిల్లల తలమీద మచ్చలో పొట్టు రాలుతూ వెంట్రుకలు తుంపులుగా విరిగి ఉంటే అది పేనుకొరుకుడు కాదు, తలకు పట్టిన తామర. దానికి పైపూత చాలదు, కడుపులోకి మందు పడాలి.

ఇప్పుడు పురుగుల సంగతి. "లోపల ఏందో పాకుతాంది సార్" అనే మాట కర్నూలు, అనంతపురం, కడప ఎక్కడి చర్మవ్యాధుల ఓపీలోనైనా వినబడేదే. వెంట ఒక అగ్గిపెట్టో, మాత్రల డబ్బానో, మడిచిన కాగితమో ఉంటుంది. అందులో పుండు పొట్టు, ఎండిన రక్తపు చెక్కు, ఒక వెంట్రుక, చీర నూలు పోగు, ఒక్కోసారి చచ్చిన చీమ. ఈ అలవాటు ఎంత మామూలంటే, వైద్య పత్రికల్లో దానికి అగ్గిపెట్టె గుర్తు అని 1983లోనే పేరు పడింది. పురుగులు లేకున్నా చర్మంలో ఉన్నాయని గట్టిగా నమ్మే ఈ భ్రమను 1938లో స్వీడన్ నరాల వైద్యుడు ఎక్బోమ్ వివరంగా రాశాడు. ఎక్కువగా యాభై దాటిన ఆడవాళ్లలో చూస్తాం. మిగతా విషయాల్లో వాళ్లు పూర్తి మామూలుగా ఉంటారు. లెక్కలు చూస్తారు, వంట చేస్తారు, మనవళ్లను బడికి పంపుతారు. ఈ ఒక్క విషయంలో మాత్రం కదలరు.

అమెరికాలో ఇదే తిప్పకు 2002లో ఒక తల్లి మోర్గెలాన్స్ అని పేరు పెట్టింది. 17వ శతాబ్దపు ఒక ఇంగ్లీషు వైద్యుడి ఉత్తరంలోంచి తీసుకున్న మాట అది. చర్మంలోంచి రంగురంగుల పోగులు మొలుస్తున్నాయని వేలమంది ఇంటర్నెట్‌లో చూసి తమకు తామే తేల్చుకున్నారు. చివరకు అక్కడి కేంద్ర వ్యాధి నియంత్రణ సంస్థ ఉత్తర కాలిఫోర్నియాలో 115 మందిని లెక్కకు తీసుకుని, వాళ్లలో కొందరి చర్మం ముక్కలు, పోగులు, రక్తం పరీక్షించి 2012 జనవరిలో ఫలితాలు బయటపెట్టింది. పరాన్నజీవి దొరకలేదు, అంటువ్యాధి దొరకలేదు. పోగుల్లో ఎక్కువభాగం పత్తి.

ఆదోనిలో ఉన్నవాళ్లకు ఇది ఒక్క ముక్కలో అర్థమవుతుంది. జిన్నింగు మిల్లుల ఊరు, సీజన్‌లో గాలి నిండా దూది. రసి కారే పుండు జిగురు కాగితం లాంటిది, గాలిలో తేలేదంతా దానికి అంటుకుంటుంది. పైన చెక్కు కట్టాక పోగు సగం లోపల, సగం బయట ఉంటుంది. పట్టి లాగితే లోపలినుంచి వచ్చినట్టే ఉంటుంది, కొంచెం నొప్పి కూడా పుడుతుంది. ఆ అనుభవం అబద్ధం కాదు, దాన్ని అర్థం చేసుకున్న తీరు తప్పు. తేల్చుకోవాలంటే ఒక దారి ఉంది. ఒక పుండును శుభ్రంగా కడిగి, మందు రాసి, గాలి చొరకుండా పారదర్శకమైన అంటుపట్టీతో నాలుగు వైపులా మూసి, తేదీ రాసి వారం ఉంచాలి. తడిస్తే పట్టీ మార్చడం నర్సు చేతిమీదుగానే జరగాలి. మూసిన పుండులో పోగులు పుట్టకపోవడమే కాదు, గోకుడు అందక అది మానడం కూడా కనిపిస్తుంది. భ్రమ గట్టిపడినవాళ్లు ఈ పరీక్షనూ ఒప్పుకోరనుకోండి, పురుగు పక్కకు జరిగిందంటారు. ఇంకా అనుమానం దశలోనే ఉన్నవాళ్లకు మాత్రం బాగా పనికొస్తుంది.

నమూనా తేవాలంటే సూదితో, బ్లేడుతో పెరకవద్దు. పారదర్శకమైన టేపు ముక్కను ఒంటిమీది ఆ వస్తువుపై ఒత్తి తీసి తెల్ల కాగితానికి అంటించి, ఎక్కడ, ఏ రోజు, ఎన్ని గంటలకు అని పక్కన రాయండి. అయిదారు చాలు. డాక్టరు మైక్రోస్కోపులో పెట్టి చూడాలి, చూసింది చెప్పాలి. చూడకుండానే "ఏమీ లేదు పోమ్మా" అనడం అన్నిటికంటే పెద్ద తప్పు. ఆ మాట విన్నవాళ్లు ఆసుపత్రి మానేసి ఫినాయిలు, కిరసనాయిలు, చివరికి పత్తిచేనుకు కొట్టే మందు దాకా పోతారు. ఆ మందుల్లో చాలావాటిని చర్మం పీల్చుకుంటుంది, గోకిన చర్మమైతే మరీనూ. చొంగ, చెమట, చిన్నబడిన కంటిపాపలు, ఊపిరి అందకపోవడం కనిపిస్తే బట్టలు విప్పి సబ్బుతో కడిగి, ఆ క్షణమే అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి.

భ్రమ అనే ముందు కొట్టేయాల్సిన పేర్ల చిట్టా కాస్త పొడవే. బీ12 తగ్గితే చర్మంపై చీమలు పాకినట్టు ఉంటుంది. థైరాయిడ్, షుగరు, కిడ్నీ, కాలేయం, రక్తహీనత చూడాలి. సారా, బ్రాందీ రోజూ తాగేవాడు హఠాత్తుగా మానేసిన రెండు మూడు రోజుల్లో పురుగులు కనిపిస్తున్నాయంటే అది చర్మం పని కాదు, ప్రాణం మీదికి వచ్చే స్థితి. పార్కిన్సన్ జబ్బుకు వాడే కొన్ని మందులు కూడా ఇట్లా చేస్తాయి. వీటన్నిటికంటే ముందు చూడాల్సింది మన పాత గజ్జినే.

గజ్జి దగ్గర మోసం ఎట్లా జరుగుతుందో వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇక్కడ పురుగు నిజంగానే ఉంటుంది. మిల్లీమీటరులో సగం కూడా ఉండని జీవి. మామూలు రోగి ఒంటిమీద మొత్తం కలిపి పది పదిహేనే ఉంటాయి, అందుకే కంటికి కనబడవు. మొదటిసారి అంటుకున్నాక దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ లోపల ఇంట్లో అందరికీ అంటిస్తారు. వేళ్ల సందులు, మణికట్టు, చంకలు, బొడ్డు చుట్టూ, నడుము, మర్మావయవాలు దాని చోట్లు. పసిపిల్లల్లో అరచేతులు, అరికాళ్లు, ముఖం కూడా. రాత్రి దురద ఎక్కువ. అనుమానం ఉన్నచోట ఫౌంటెన్ పెన్ను ఇంకు ఒక చుక్క రుద్ది, నిమిషం ఆగి స్పిరిట్ దూదితో తుడిస్తే, పురుగు తొలిచిన సొరంగంలో ఇంకు నిలిచి వంకర గీతగా కనిపిస్తుంది. సొరంగం దొరికితే టెన్షన్ వాదన అక్కడితో సరి.

మందు పర్మెత్రిన్ అయిదు శాతం క్రీము. పెద్దవాళ్లకు ఒక్కసారికి దాదాపు 30 గ్రాములు కావాలి. చిన్న ట్యూబు కొని దురద ఉన్నచోట మాత్రమే రాయడం ఇక్కడ జరిగే మొదటి తప్పు. మెడ నుంచి కాలి వేళ్ల దాకా, గోళ్ల కింద, వీపున, పిరుదుల మడతల్లో రాసి రాత్రంతా ఉంచి పొద్దున స్నానం చేయాలి. మధ్యలో చేతులు కడిగితే మళ్లీ రాయాలి. దురద ఉన్నా లేకున్నా ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి. అన్న ఇవాళ, అక్క వచ్చే ఆదివారం అంటే ఆ పురుగు ఇల్లంతా చుట్టాలింటికి తిరిగినట్టు తిరుగుతుంది. వారం తర్వాత మళ్లీ ఒకసారి. వాడిన బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి మన ఎండలో ఆరేయాలి. ఉతకలేనివాటిని సంచిలో మూట కట్టి వారం పక్కన పెడితే చాలు, ఒంటికి దూరమైతే ఆ పురుగు రెండు మూడు రోజులకు మించి బతకదు. గర్భిణులు, పసివాళ్లు డాక్టరును అడిగే వాడాలి.

పురుగు చచ్చాక కూడా దురద రెండు నుంచి నాలుగు వారాలు ఉంటుంది. దాని శవం, మలం చర్మంలో ఉండి అలర్జీని సాగదీస్తాయి. అసలు చిక్కు ఇక్కడే పుడుతుంది. దురద ఉంది కాబట్టి పురుగు ఉందనుకుని రోజూ క్రీము పూస్తారు. క్రీముకు చర్మం మండి ఎర్రబడి మరింత దురద పెడుతుంది. దాంతో పురుగు పెరిగిందనుకుంటారు. నిజమైన జబ్బుతో మొదలై, అతి వైద్యంతో పెరిగి, భ్రమ దగ్గర తేలే దారి ఇది. రెండో పూత అయ్యాక దురదకు కొబ్బరినూనె, డాక్టరు రాసిన దురద మాత్ర తప్ప పర్మెత్రిన్ ముట్టుకోకండి. నాలుగు వారాలు దాటినా కొత్త సొరంగాలు కనిపిస్తే అప్పుడు మళ్లీ చూపించుకోండి.

ఇక టెన్షన్ వాదన. దీనికి పాత బలం ఒకటుంది. 1891లో ఫ్రాన్స్ వైద్యులు ఇద్దరు ఒక రకం ఎగ్జిమాకు, అంటే చర్మం ఎర్రబడి దురద పెట్టే జబ్బుకు, న్యూరోడెర్మటైటిస్ అని పేరు పెట్టారు, నరాల వల్ల వచ్చేదని. డాక్టరు నోట ఆ మాట వినగానే మన జనం "నరాల బలహీనత" అని తెలుగు చేసుకుంటారు. 2006లో చర్మం పైపొరను పట్టి ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ జన్యువులో లోపాలు ఎగ్జిమాకు దారితీస్తాయని బయటపడింది. ఈ లోపం ఉన్నవాళ్లలో మొదట చర్మం అనే గోడ కారడం, తర్వాతే దురద, నిద్రలేమి, చిరాకు. పేరు మాత్రం ఇంకా నరాల దగ్గరే ఉంది. పేనుకొరుకుడును చూసి నవ్వినవాళ్లు దీన్ని చూసీ నవ్వాలి కదా.

రాయలసీమకు సంబంధించిన ఇంకో ఉదాహరణ పెల్లగ్రా. జొన్నసంగటే తిండిగా బతికిన దక్కను పల్లెల్లో ఈ జబ్బు ఎందుకుందని హైదరాబాదు పోషకాహార సంస్థలో గోపాలన్, శ్రీకంఠయ్య పరిశోధించి, జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం దీనికి కారణం కావచ్చని 1960లో ప్రతిపాదించారు. నియాసిన్ అనే విటమిన్ కొరత వల్ల వచ్చే జబ్బిది. ఎండ తగిలేచోట, అంటే చేతుల వెనక, పాదాల పైన, మెడ చుట్టూ హారంలా చర్మం నల్లబడి గరుకుగా పగులుతుంది. విరేచనాలు, ఆపైన నిద్ర పట్టకపోవడం, కోపం, దిగులు, తికమక. ఇంట్లోవాళ్లకు ముందు కనబడేది కోపం, దిగులే. కాబట్టి "మనసు బాగలేక చర్మం ఇట్లా అయింది" అంటారు. నిజానికి రెండింటినీ పాడుచేసింది ఒకే కొరత. విటమిన్ ఇస్తే మనసు రోజుల్లోనే తేరుకుంటుంది, చర్మం వారాల్లో. ఇప్పుడు ఇది ఎక్కువగా తిండి మాని తాగేవాళ్లలో, కొన్నిసార్లు టీబీకి ఐసోనియాజిడ్ వాడేవాళ్లలో కనిపిస్తుంది.

రైతుకు కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు ఉబ్బి దురద పెడితే అప్పుల టెన్షన్ కంటే ముందు గట్టుమీది వయ్యారిభామ అనే కలుపుమొక్కను అనుమానించండి. దాని పొడి గాలిలో వచ్చి పడుతుంది, ముట్టుకోనవసరం లేదు. మేస్త్రీ చేతులు పగిలి ఏళ్లతరబడి మానకపోతే సిమెంటులోని క్రోమియం. రెండింటికీ ప్యాచ్ టెస్ట్ ఉంది. వీపుమీద చిన్న పట్టీలు అంటించి 48 గంటల తర్వాత తీసి చూస్తారు, 96 గంటలకు మళ్లీ చూస్తారు. ఆ నాలుగు రోజులు వీపు తడవకూడదు, అందుకే మే నెలలో చేయించుకోవడం నరకం. చలికాలం పెట్టుకోండి.

ఒంటిమీద మచ్చా పొక్కూ లేకుండా దురద ఆరు వారాలు దాటితే సీబీపీ, ఈఎస్ఆర్ అనే రక్తపరీక్షలు, కిడ్నీకి క్రియాటినిన్, కాలేయ పరీక్షలు, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, షుగరు, ఒంట్లో ఇనుము నిల్వకు ఫెర్రిటిన్ చేయించాలి. బరువు తగ్గడం, రాత్రి చెమటలు, మెడలో గడ్డ ఉంటే ఛాతీ ఎక్స్‌రే కూడా. ఇవేవీ చేయకుండా టెన్షన్ అన్నవాళ్ల మాట పక్కన పెట్టండి, వాళ్లు చదువుకున్నవాళ్లయినా సరే.

మనసుకు అసలు పాత్రే లేదా అంటే, ఉంది. వీపు చూడండి. చెయ్యి అందే భుజాలు, నడుము నిండా గోకిన పుండ్లుండి, చెయ్యి అందని నడివీపు మాత్రం సీతాకోకచిలుక ఆకారంలో శుభ్రంగా ఉంటే, చర్మాన్ని పాడుచేస్తోంది గోకుడే. గోకుడుకు కారణం ఏమిటన్నది అప్పటికీ తేలాల్సిందే, పైన చెప్పిన కిడ్నీ దురదలో కూడా వీపు ఇట్లాగే ఉంటుంది. మెడ వెనకో, చీలమండ దగ్గరో ఒకే చోట చర్మం తోలులా మందంగా, గీతలు లోతుగా తేలి ఉంటే గోకుడు అలవాటుగా మారిందన్నమాట. మందంగా అయినకొద్దీ దురద, దురదకొద్దీ మందం. అక్కడ డాక్టరు చెప్పిన పూత రెండు మూడు వారాలు, పైన గుడ్డకట్టు, గోళ్లు పొట్టిగా, టీవీ ముందు కూర్చున్నప్పుడు ఆ చేతికి ఏదైనా పని. పూత కొలత ఇది: ట్యూబులోంచి చూపుడువేలి చివరి కణుపు పొడవున వచ్చేది అర గ్రాము, రెండు అరచేతులంత మేరకు అది చాలు.

దద్దుర్లకు బాల్‌పెన్ను పరీక్ష. కొత్తగా లేచిన ఒక్కో దద్దురు చుట్టూ గీసి పక్కన టైము రాయండి. 24 గంటల్లోపు ఆ గీతలోంచి మాయమై ఇంకోచోట లేస్తే మామూలు దద్దుర్లు. అక్కడే రోజు దాటి ఉండి కమిలిన మచ్చ మిగిల్చితే రక్తనాళాల వాపు కావచ్చు, ముక్క తీసి పరీక్షించాలి. కంగారు పడినప్పుడు ఛాతీమీద సన్నని చుక్కల్లా లేచేవి ఉన్నాయి. వాటిలో కంగారుకు పాత్ర ఉన్నమాట నిజమే, కానీ చెమట ద్వారా. కొండారెడ్డి బురుజు మెట్లు వేగంగా ఎక్కినా, గుంటూరు కారం తిన్నా అవే లేస్తాయి. పది పదిహేను నిమిషాలు పరుగెత్తి చూస్తే తేలిపోతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు ఈ పరీక్ష ఇంట్లో చేయకండి.

టెన్షన్ వల్లే అని గట్టిగా నమ్మేవాళ్లు రెండు వారాలు రాసి చూడాలి. పొద్దున లేవగానే, చర్మం చూసుకోకముందే, నిన్నటి దిగులుకు పదికి ఎన్ని మార్కులో ఒక పుస్తకంలో. రాత్రి పడుకునేముందు దురదకు ఎన్ని మార్కులో వేరే పుస్తకంలో. రెండూ ఒకేచోట రాస్తే మనసు వాటిని జతచేసేస్తుంది, అందుకే రెండు పుస్తకాలు. పద్నాలుగు రోజుల తర్వాత తేదీల పక్కన తేదీలు పెట్టి చూడండి. దిగులు పెరిగిన మర్నాడు దురద పెరిగిందా, లేక దురద పెరిగిన మర్నాడు దిగులు పెరిగిందా? చాలామంది పుస్తకాల్లో కనబడేది రెండోదేనని నా నమ్మకం. మీ పుస్తకం వేరేగా చెబితే దాన్నే నమ్మండి.

ఈ లెక్కలన్నీ తలకిందులు చేసేది మెడికల్ షాపు ట్యూబు. స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిపిన రకం. 2018లోనే క్లోబెటసాల్ లాంటి స్టెరాయిడ్ పూతలను చీటీ లేకుండా అమ్మకూడదన్నారు, అమ్మకం ఆగలేదు. అది రాస్తే రెండు రోజుల్లో దురద చాలావరకు తగ్గుతుంది. తామరైనా, గజ్జైనా, అలర్జీయైనా. కాబట్టి ఇంట్లో ఏ పేరు పెట్టినా ఆ పేరు నిజమైనట్టే ఉంటుంది. తామర అయితే దురద అణిగి, అంచు చెరిగి, లోపల పాకుతుంది. గజ్జల్లో చర్మం పలచబడి చారలు పడతాయి, అవి పోవు. గోకి తీసిన పొట్టును పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేసి చూస్తే ఫంగస్ పోగులు కనిపిస్తాయి, పావుగంట పని. పరీక్షకు పోయేముందు వారం రోజులు ఏ ట్యూబూ రాయవద్దు, పొట్టును మచ్చ మధ్య నుంచి కాక అంచు నుంచి తీయమనండి.

పురుగుల భ్రమ అని తేలితే మానసిక వైద్య విభాగం అవసరం. రిస్పెరిడోన్, ఓలంజపీన్ లాంటివి తక్కువ మోతాదులో ఇస్తారు, ఫలితానికి కొన్ని వారాలు పడుతుంది, తగ్గగానే మానేస్తే తిరిగి వస్తుంది. అక్కడికి పంపడమే కష్టం. "నీకు పిచ్చి" అన్నా పోరు, "అవును, నాకూ కనిపించింది" అన్నా నష్టమే. ఇంట్లో ఒకరు నమ్మడం మొదలుపెడితే ఇంకొకరికీ అంటుకునే భ్రమ ఇది. "పురుగు కనబడలేదమ్మా, దురద మాత్రం నిజం. నిద్ర పట్టేట్టు చేసే డాక్టరు ఇంకొకాయన ఉన్నాడు, ఇద్దరం కలిసి చూస్తాం" అనే మాట పనిచేస్తుంది. సాంబారులో మాత్ర కలిపి పెట్టవద్దు, దొరికిన రోజు నమ్మకం పూర్తిగా పోతుంది. ముందు ఫోనులో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడతారు.